ఆంగ్ల టర్కీ భాషలలో ద్రోహార్థక పదములు : ఒక తారతమ్య పరిశీలనము

ద్విభాషా నిఘంటువులు చేయు మేలు గొప్పది; అవి కల్పించు భ్రమయు గొప్పదియే. ఆంగ్లమునందలి 'బిట్రేయల్' అను పదమునకు టర్కీ నిఘంటువులు 'ఇహానెత్' అని యర్థము చెప్పును. తెలుగు నిఘంటువులు దానికే 'ద్రోహము' అని చెప్పును. ఈ మూడు పదములును ఒకే తూకము గల మూడు రాళ్లవలె తోచును. ఒకదాని స్థానమున వేఱొకదానిని ఉంచినను త్రాసు చలింపదని మనము నమ్ముదుము. ఈ నమ్మిక ఎంతవఱకు నిలుచునో విచారించుట ఈ వ్యాసమునకు విషయము.

ఇది కేవలము శబ్దవినోదము కాదు. టర్కీ సాహిత్యము తెలుగు పాఠకునకు చాలవఱకు ఆంగ్లమూలముననే అందుచున్నది. మూలమునకును మనకును నడుమ ఆంగ్లపదము నిలుచుచున్నది. ఆ పదము తన ఆకారమును మూలముపై ముద్రించినచో మన మెఱుగజాలము. మఱియు ద్రోహి అను మాట ఇతర విశేషణముల వంటిది కాదు. పిసినారి యన్నను, భీరువన్నను మనుష్యునకు కలుగు హాని కొలదిపాటిది. ద్రోహి యన్నచో వానికి దేశము, పౌరసత్వము, ఒక్కొక్కప్పుడు ప్రాణమును పోవచ్చును. అట్టి పదమును అనువదించువాడు దాని యర్థపరిధిని కొలిచి చూడవలసియున్నది.

మేము ప్రతిపాదింపదలచిన యంశ మిది: ఆంగ్లము ఒక్క క్రియలో ఇమిడ్చిన భావములను టర్కీ భాష మూడు క్రియలకు పంచియిచ్చినది. ఆ పంపకమును, దానితోడి విభక్తిభేదమును తెలుగు చాలవఱకు యథాతథముగ నిలుపగలదు. కాని ఆంగ్లము మీదుగా వచ్చు అనువాదము దానిని దారిలోనే పోగొట్టుచున్నది.

ముందు ఆంగ్లపదమును చూతము. 'బిట్రే' అను క్రియలో 'బి' యనునది ఆంగ్లభాషలోని పూర్వప్రత్యయము. తక్కిన భాగము ప్రాచీన ఫ్రెంచి 'త్రాయీర్' నుండి వచ్చినది. దానికి మూలము లాటిను 'త్రాదెరె'. 'త్రాన్స్' అనగా ఆవలికి; 'దారె' అనగా ఇచ్చుట. ఆవలికి ఇచ్చుట, అనగా అప్పగించుట, దీని మొదటి యర్థము. 'దారె' యను ధాతువు సంస్కృతమునందలి 'దా' ధాతువునకు సజాతీయము. ఈ 'త్రాదెరె' నుండియే ఆంగ్లమున మఱి రెండు పదములు పుట్టినవి. ఒకటి రాజద్రోహ వాచకమైన 'ట్రీజన్'. రెండవది సంప్రదాయ వాచకమైన 'ట్రెడిషన్'. ఇవి రెండును ఒకే లాటిను నామమునుండి వేర్వేరు మార్గములలో వచ్చిన జంటపదములు. పెద్దలు చిన్నలకు అప్పగించునది సంప్రదాయము. కోటకాపరి శత్రువునకు అప్పగించునది ద్రోహము. మన 'సంప్రదాయ' శబ్దమును 'దా' ధాతువునుండియే నిష్పన్నమైనదని ఇచట స్మరింపదగును.

ఈ రెండర్థములును ఒకేచోట కనబడు స్థలము క్రైస్తవ నూత్న నిబంధనలో కలదు. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక, పదునొకండవ అధ్యాయము, ఇరువది మూడవ వచనములో ఒకే గ్రీకు క్రియ రెండు పర్యాయములు వచ్చినది. తాను శిష్యులకు ఉపదేశమును అందించితినని చెప్పునపుడు పౌలు 'పారాదిదోమి' అను క్రియను వాడెను. యేసు శత్రువుల పాలైన రాత్రిని చెప్పునపుడును దానినే వాడెను. లాటిను అనువాదము రెండుచోట్లను 'త్రాదెరె' క్రియనే నిలిపినది. 1611లో వెలువడిన ఆంగ్లానువాదము మాత్రము మొదటిచోట 'డెలివర్' అనియు, రెండవచోట 'బిట్రే' అనియు విడదీసినది. గ్రీకు క్రియలో లేని నైతిక నిర్ణయమును ఆంగ్లము రెండవచోట చేర్చినదన్నమాట. తెలుగు బైబిలు అనువాదకులు రెండుచోట్లను 'అప్పగించు' క్రియనే వాడిరి. ఆ క్రియలో దూషణము లేదు. జరిగిన పని మాత్రము కలదు. దూషణము చదువరి హృదయమున పుట్టవలసినదే.

2001లో వెలువడిన టర్కీ బైబిలు మూడవ మార్గమును పట్టినది. పై వచనమున రెండవచోట 'ఎలె వెర్మెక్' అను క్రియ కలదు. 'ఎల్' అనగా చేయి. 'వెర్మెక్' అనగా ఇచ్చుట. చేతికిచ్చుట, పట్టియిచ్చుట యని దాని యర్థము. కాని మత్తయి సువార్తలో పన్నిద్దరు శిష్యుల పేర్లు చెప్పుచోట యూదాను పేర్కొనునపుడు అదే అనువాదము 'ఇహానెత్' అను పదమును వాడినది. ఒకే గ్రీకు క్రియకు టర్కీ అనువాదకులు ఒకచోట జరిగిన పనిని, వేఱొకచోట ఆ పనిపై తీర్పును చెప్పు పదములను ఎన్నుకొనిరి. ఆంగ్లమున ఈ రెండును 'బిట్రే' యే. ఈ ఎంపిక టర్కీ భాషకు సాధ్యమైనదనుటయే ఇచట మనకు ముఖ్యము.

ఆంగ్లపదమునకు మఱియొక ముఖ్యార్థము కలదు. దాచిన దానిని తెలియకయే బయటపెట్టుట. ముఖము భయమును వెల్లడించినను, ఉచ్చారణము పుట్టిన యూరిని వెల్లడించినను ఆంగ్లేయులు 'బిట్రే' యందురు. ఇందు ద్రోహి యెవడును లేడు. ఈ యర్థము బలపడుటకు వేఱొక పదము తోడ్పడినది. ప్రాచీనాంగ్లమున 'నేరము మోపుట' అను నర్థము గల 'వ్రేగన్' అను క్రియనుండి పుట్టిన 'బిరే' యను పదము ఒకప్పుడు వాడుకలో నుండెను. పేతురు పలుకుబడియే అతడు గలిలయవాడని తెలిపిన సందర్భమున 1611 నాటి అనువాదములో నున్నది ఈ 'బిరే' పదమే. తరువాతి కాలమున అది వాడుక తప్పినది. దాని స్థానమును ధ్వనిలో సన్నిహితమైన 'బిట్రే' ఆక్రమించుకొన్నది. 1946లో వెలువడిన సవరింపు ప్రతిలో అదేచోట 'బిట్రే' యున్నది. ఈ విధముగ అప్పగించుట, నమ్మకమును వమ్ముచేయుట, రహస్యమును వెల్లడించుట అను మూడు భావములు ఒక్క పదమున చేరినవి.

ఆంగ్లదేశపు ధర్మశాస్త్రమును ఈ పదకుటుంబము యొక్క వైశాల్యమును చూపును. 1351 నాటి ట్రీజన్ శాసనము రాజద్రోహమును నిర్వచించినది. రాజు మరణమును తలపెట్టుట, రాజ్యమున యుద్ధము చేయుట, శత్రువులతో చేరుటతో పాటు, రాణిని చెఱచుటయు అందు చేర్చబడినది. ఆ శాసనముననే 'చిన్న ద్రోహము' అను వేఱొక విభాగమును కలదు. సేవకుడు యజమానిని, భార్య భర్తను, మతాధికారికి లోబడినవాడు ఆ యధికారిని చంపినచో అది సామాన్యమైన హత్య కాక ద్రోహమయ్యెను. ఈ విభాగము 1828లో రద్దయినది. ఇల్లును ఒక చిన్న రాజ్యముగ భావించిన కాలమున ఒకే పదము సింహాసనమునకును పొయ్యిగడ్డకును చెల్లినది. ఆంగ్లమున భార్యాభర్తల నడుమ జరుగు వంచనకును, దేశమునకు జరుగు వంచనకును నేటికిని ఒకే క్రియ చాలుచుండుట ఇట్టి చరిత్రకు అనుగుణముగనే యున్నది.

ఇక టర్కీ పదము. 'ఇహానెత్' అరబ్బీనుండి వచ్చినది. అరబ్బీలో 'ఇహానత్' అనగా తక్కువచేయుట, కించపఱచుట, అవమానించుట. ద్రోహమను నర్థము గల అరబ్బీ పదము వేఱు, అది 'ఖియానత్'. ఇదియు టర్కీలో 'హియానెత్' అను రూపమున కలదు. ద్రోహి యను నర్థము గల 'హాయిన్' ఈ రెండవ ధాతువునకు చెందినదే. ధ్వనిలో దగ్గఱగానున్న ఈ రెండు పదములును టర్కీ భాషలో కలిసిపోయినవి. అవమానమును చెప్పు పదము ద్రోహమును చెప్పు పదముగా మాఱి, అసలు ద్రోహవాచకమును చాలవఱకు మూలకు నెట్టినది. ద్రోహి పేరు ఒక ధాతువునుండి, ద్రోహము పేరు వేఱొక ధాతువునుండి వచ్చుట ఈ కలయిక యొక్క ఫలము.

ఈ మార్పునకు సాక్ష్యము శాసనములలోనే దొరకును. అంకారాలోని మహాజాతీయసభ 1920 ఏప్రిల్ 29న చేసిన శాసనమునకు పేరు 'హియానెతి వతనియె', అనగా దేశద్రోహ శాసనము. 1982 నాటి రాజ్యాంగము అధ్యక్షునిపై మోపదగిన నేరమును చెప్పుచు 'వతనా ఇహానెత్' అనినది. 2017 నాటి సవరణలో ఈ మాట తొలగి, సామాన్యముగ నేరమను పదము వచ్చినది. 1920 శాసనము 1991లో రద్దయినది. అరువదిరెండేండ్ల యెడములో ఒకే భావమునకు శాసనభాష ఒక పదమును విడిచి వేఱొకదానిని గ్రహించినది.

'హియానెత్' పూర్తిగ నశింపలేదు. దాని జత పదము 'ఎమానెత్', అనగా ఒకనిని నమ్మి దాచుకొమ్మని ఇచ్చిన సొత్తు. ఇదే పదము 'అమానతు' అను రూపమున మన దేశమున ఫారసీ, ఉర్దూల మూలమున తెలుగు వ్యవహారములోనికిని వచ్చినది. ఎమానెత్తునకు హియానెత్ చేయరాదనుట టర్కీలో సామెత వంటిది. ఖురాను ఎనిమిదవ అధ్యాయమున ఇరువది యేడవ వాక్యమును ఈ రెండు ధాతువులను ఒక్కచోటనే చేర్చినది. కనుక ప్రాచీన భావనలో ద్రోహమనగా ఒప్పగించిన దానిని కాపాడకపోవుట. లాటినులో ద్రోహము అప్పగించుటవలన పుట్టినది. ఇచట ద్రోహము అప్పగింతను పుచ్చుకొన్నవానివలన పుట్టినది. ఒకే వ్యవహారమును రెండు నాగరకతలు రెండు కొసలనుండి చూచినవి. ఆ పైని టర్కీ భాష ఈ భావమునకు అవమానమను పదమును తొడిగినది.

ఇచట ఒక ఆక్షేపణ సహజముగ వచ్చును. పదము పుట్టుక పదము నేటి యర్థమును నిర్ణయింపదు కదా! నేటి ఆంగ్లేయునకు 'బిట్రే' యనునపుడు లాటిను 'త్రాదెరె' జ్ఞాపకము రాదు; ఇస్తాంబులు పౌరునకు 'ఇహానెత్' అనునపుడు అరబ్బీ అవమానము జ్ఞాపకము రాదు. ఈ ఆక్షేపణ న్యాయమైనది. వ్యుత్పత్తిని మాత్రమే ఆధారముగ గొని జాతుల స్వభావములను నిర్ణయించు పద్ధతి సాహసము. కాబట్టి వ్యుత్పత్తిని ప్రక్కనుంచి, మాటాడువాడు తప్పించుకొనరాని సాక్ష్యమును, అనగా వ్యాకరణమును ఆశ్రయింతము.

ఆంగ్లమున 'బిట్రే' సకర్మక క్రియ. ద్రోహమునకు గుఱియైనవాడు దానికి నేరుగా కర్మ. మిత్రుడైనను, దేశమైనను, రహస్యమైనను, భయమైనను అదే స్థానమున నిలుచును. ద్రోహమునకు గుఱియైన మనుష్యునికిని, బయటపడిన రహస్యమునకును వాక్యములో భేదము లేదు. టర్కీలో అట్లు కాదు. మూడు వాక్యములను పోల్చి చూతము. 'అర్కదాషినా ఇహానెత్ ఎత్తి': తన మిత్రునికి ద్రోహము చేసెను. 'అర్కదాషిని ఎలె వెర్ది': తన మిత్రుని పట్టియిచ్చెను. 'కరిసిని అల్దత్తి': తన భార్యను మోసగించెను. మొదటి వాక్యమున మిత్రుడు 'కు' అను నర్థము గల విభక్తిలో నున్నాడు. తక్కిన రెంటను బాధితుడు ద్వితీయలో నున్నాడు. ఆంగ్లమున ఈ మూటికిని 'బిట్రే' యొక్కటియే చాలును.

ఈ మూడు టర్కీ వాక్యములకును మేమిచ్చిన తెలుగు వాక్యములను మఱల చూడుడు. 'మిత్రునికి', 'మిత్రుని', 'భార్యను'. విభక్తులు ఒకటికొకటి సరిపోయినవి. మనవారు కువర్ణకమును షష్ఠిలో చేర్చినను, ఇచట దాని యర్థము సంప్రదానమే. సంస్కృతమునను ద్రుహధాతువునకు ఇదే నియమము. క్రుధ, ద్రుహాది ధాతువుల విషయమున ఎవనిపై కోపమో వానికి సంప్రదాన సంజ్ఞ కలుగునని పాణిని చెప్పెను (1-4-37). తరువాతి సూత్రమున, ఉపసర్గతో కూడిన క్రుధ ద్రుహములకు కర్మసంజ్ఞను విధించెను. అర్థమునకును విభక్తికిని గల సంబంధమును మన వైయాకరణులు ఎంత సూక్ష్మముగ పరికించిరో దీనివలన తెలియుచున్నది. ద్రోహము ఒకనివైపు సాగు వైరభావము. పట్టియిచ్చుట ఒకనిపై జరుపు పని. మొదటిది మనస్సున నున్నను ద్రోహమే. రెండవది చేతితో చేసినగాని కాదు.

మూడవ క్రియయైన 'అల్దత్మక్' అచ్చమైన తురుష్క పదము. ప్రాచీన తురుష్కభాషలో 'ఆల్' అనగా కపటము. ఇది వంచనను సామాన్యముగ చెప్పును. దాంపత్య విషయమున నిత్యవ్యవహారమున వినబడునదియు ఇదియే. టర్కీ శిక్షాస్మృతిలో వ్యభిచారమునకు 'జినా' యను అరబ్బీ పదము వాడబడెను. ఆ నేరమును రాజ్యాంగ న్యాయస్థానము పురుషుల విషయమున 1996లోను, స్త్రీల విషయమున 1998లోను కొట్టివేసినది. విడాకులకు కారణముగ మాత్రము ఆ పదము పౌరస్మృతిలో నిలిచియున్నది. ధర్మశాస్త్రము 'జినా' యనును, ఇరుగుపొరుగు 'అల్దత్మక్' అనును. గుండె మండినవాడు 'ఇహానెత్' అనును. ఈ మూటిలో ఏది వాడినాడో చూచినచో మాటాడువాడెవడో తెలియును.

బయటపెట్టుట యను నర్థమునకు టర్కీలో 'ఎలె వెర్మెక్' వాడుదురు; కంఠస్వరము వానిని చేతికిచ్చినది యందురు. మన తెలుగులోను 'వాని మాటయే వానిని పట్టియిచ్చినది' అందుము. అట్టి సందర్భమున 'ఇహానెత్' కూడ రాగూడదను నియమము లేదు. జ్ఞాపకశక్తియో, దేహమో తనకు ఇహానెత్ చేసినదనుట నేటి టర్కీలో వినబడును. కాని అప్పుడు దేహము ఒక సేవకుడగును, ఆపత్సమయమున యజమానిని విడిచినవాడగును. సత్యమును వెల్లడించినందుకు కాక, తోడు నిలువనందుకు నింద. ఈ సూక్ష్మభేదము 'ఇహానెత్' నకు ఎప్పుడును ఒక నమ్మిక ముందుండవలెనని చూపుచున్నది.

ఈ భాషావిచారమును సాహిత్యమునకు అన్వయింతము. ఆంగ్లరచయిత ఇ. ఎం. ఫార్‌స్టర్ 1938లో వ్రాసిన ఒక ప్రసిద్ధవ్యాసమున, దేశమునకో మిత్రునికో ద్రోహము చేయక తప్పని స్థితి వచ్చినచో దేశమునకే ద్రోహము చేయు ధైర్యము తనకు కలుగవలెనని కోరుకొనెను. కైసరునకు ద్రోహము చేసిన బ్రూటస్, కాషియసులను డాంటే నరకమున అట్టడుగున ఉంచుటను అతడు తనకు సాక్ష్యముగ చూపెను. ఆ వాక్యము బలమంతయు ఒకే క్రియ రెండు కర్మలకును సమముగ చెల్లుటలో నున్నది. టర్కీలో 'ఇహానెత్' తోను ఈ సమత్వము నిలుచును. ఇచట రెండు భాషలకును విరోధము లేదు. అయితే యుద్ధము ముంచుకొని వచ్చుచున్న ఆ సంవత్సరమున ఫార్‌స్టర్ చెప్పిన దేశద్రోహమున, రహస్యములను శత్రువునకు అప్పగించుటయు ఆ క్రియయొక్క మూలార్థముచేతనే స్ఫురించును. టర్కీ పదమున ఆ స్ఫురణ తగ్గును, విశ్వాసభంగమే మిగులును.

హెరాల్డ్ పింటర్ 1978 నాటి నాటకమునకు పెట్టిన పేరు 'బిట్రేయల్'. భర్త, భార్య, భర్తకు పరమమిత్రుడు అను ముగ్గురి కథ యది. కాలము వెనుకకు నడచును. భార్య భర్తను వంచించుట కథలో మొదట కనబడు ద్రోహము. మిత్రుడు మిత్రునికి చేసినది రెండవది. భర్తకు విషయము ఏండ్ల క్రిందటనే తెలిసియు ఆ సంగతి మిత్రునికి చెప్పకుండుట మూడవది. పేరు ఏకవచనమున నుండుటచే ప్రేక్షకుడు ద్రోహమేదియని వెదకుకొనవలసియున్నది. టర్కీ అనువాదకుడు ఇచట 'అల్దత్మ' యన్నచో దాంపత్యవంచనయే ముందుకు వచ్చును. 'ఇహానెత్' అన్నచో మైత్రియు అందు చేరును. తెలుగు అనువాదకుడు 'మోసము', 'ద్రోహము' అను రెంటి నడుమ ఇదే యెంపికను చేయవలసియున్నది. ఆంగ్లరచయితకు మాత్రము ఎంపిక యనునదే లేదు.

టర్కీ సాహిత్యమున ఈ భావము మఱింత కఠినమైన పరీక్షకు గుఱియైనది. హాలిదె ఎదిబ్ రచించి 1926లో పుస్తకముగ వెలువడిన 'వురున్ కహ్పెయె' యను నవలలో ఆలియె యను యువతి అనతోలియాలోని ఒక చిన్న పట్టణమునకు ఉపాధ్యాయినిగా వచ్చి జాతీయోద్యమమునకు నమ్మికతో సేవ చేయును. ఆ ఊరిని ఆక్రమించిన శత్రుసైన్యముతో చేతులు కలిపిన మతపెద్ద ఆమెపై జనమును రెచ్చగొట్టి చంపించును. నవల పేరిటనున్న 'కహ్పె' అను పదమునకు వేశ్యయని మొదటి యర్థము; కపటి, విశ్వాసము లేనిది యని రెండవ యర్థము. అసలు ద్రోహి ఈ మాటతో అసలు దేశభక్తురాలిని కొట్టించినాడు. స్త్రీ శీలమును, దేశముపై విశ్వాసమును ఒకే తిట్టు మోయుచున్నది. ఆంగ్లము మీదుగా ఈ పేరును తెలుగు చేయువాడు వేశ్యయను నొక్క అర్థమునే గ్రహించినచో నవలలోని వక్రోక్తి సగము నశించును.

ద్రోహి యను పేరు ఎవరిచేతిలో నున్నదనుటయే ప్రశ్న. 1920 వసంతమున అంకారా సభ తన్నెదిరించువారిని దేశద్రోహులనుచు శాసనము చేసినది. పండ్రెండు దినముల తరువాత, మే 11న, ఇస్తాంబులులోని సైనిక న్యాయస్థానము ముస్తఫా కెమాలుకు పరోక్షమున మరణశిక్ష విధించినది. రెండు పక్షములును ఒకదాని నొకటి ద్రోహి యనుకొన్నవి. గెలిచిన పక్షము నిఘంటువును వ్రాసినది. 1924లో నూటయేబదిమందికి దేశబహిష్కారము విధింపబడినది. వారిలో రెఫిక్ హాలిద్ కరాయ్ అను కథకుడొకడు. 1938లో క్షమాదానము లభించినపిమ్మట అతడు స్వదేశమునకు మరలివచ్చెను. 1940లో వెలువడిన అతని 'గుర్బెత్ హికాయెలెరి' లో 'ఎస్కిజి' యను కథ కలదు. అరబ్బు దేశమున దిక్కులేక పెరుగు బాలునకు, పాతచెప్పులు కుట్టువాని నోట మాతృభాష వినబడుట అందలి సంఘటన. టర్కీ భాషపై ప్రేమను ఇంత తక్కువ మాటలలో చెప్పిన కథ అరుదు. దానిని వ్రాసినవాడు దేశద్రోహుల పట్టికలో నున్నవాడు!

నాజిమ్ హిక్మెత్ చరిత్రము ఇంతకంటె ప్రసిద్ధము. 1951లో ప్రభుత్వము అతని పౌరసత్వమును తీసివేసినది. అతడు 1963లో మాస్కోలో మరణించెను. పౌరసత్వము 2009లో మాత్రమే పునరుద్ధరింపబడినది. 1962లో అతడు 'వతన్ హాయిని', అనగా దేశద్రోహి యను పేరుతో ఒక కవిత వ్రాసెను. తనపై మోపిన పేరును అతడు కాదనలేదు. దేశమన్న పదమునకు తన్ను నిందించువారు ఇచ్చు అర్థమే నిజమైనచో తాను ద్రోహినే యని ఒప్పుకొనెను. కవి వాదము 'హాయిన్' పైగాక 'వతన్' పై సాగినది. ద్రోహము ఎప్పుడును ఒకనికి చేయునది. ఆ 'కు' విభక్తిలో నున్నదెవరో ముందు తేల్చుడని అడిగినట్లున్నది. ఈ కవితను ఆంగ్లమున చదివినచో 'ట్రెయిటర్' అను పదమువలన గూఢచర్యము, రహస్యముల అప్పగింత మొదట మనస్సునకు తట్టును. అప్పుడు కవి సమాధానము సందర్భమునకు కొంచెము ప్రక్కగా పోయినట్లు తోచును. మూలమున అట్లు తోపదు. 'హాయిన్' విశ్వాసము లేమిని చెప్పును గాని అప్పగింతను చెప్పదు.

'వతన్' శబ్దమును గూర్చి ఒక మాట. ఇదే అరబ్బీ పదము దక్కనులో వంశపారంపర్యమైన గ్రామోద్యోగహక్కునకు పేరై, తెలంగాణమున 'వతందారు' అను మాటను ఇచ్చినది. టర్కీలో 1873లో నామిక్ కెమాల్ రచించిన 'వతన్ యాహుద్ సిలిస్త్రె' నాటకము నాటినుండి ఆ పదము మాతృభూమి యను నర్థమున ఉద్రేకమును రేపు మాటయైనది. ఒకచోట హక్కును, ఒకచోట ఋణమును చెప్పు పదమిది. నాజిమ్ హిక్మెత్ కవితను చదువు తెలంగాణపు విద్యార్థికి ఈ రెండర్థములును ఒక్కసారి స్ఫురించినచో అది కవికి మేలే గాని కీడు కాదు.

'హాయిన్' పదమునకు తేలికయైన వాడుకయు కలదు. చనువుగల మిత్రుని, అల్లరి చేయు బిడ్డను టర్కీలో ప్రేమతో 'హాయిన్' అందురు. మనము బిడ్డను 'దొంగ!' యని ముద్దుచేయునట్లన్నమాట. ద్రోహి యను తెలుగు పదము ఈ చనువును సహింపదు. కనుక ఒక టర్కీ నవలలో తల్లి బిడ్డను 'హాయిన్' అన్నచో, ఆంగ్లానువాదమునందలి పదమును పట్టుకొని 'ద్రోహీ!' యని తెలుగు చేయుట హాస్యాస్పదమగును. మఱియొకచోట తెలుగు, టర్కీలు మిక్కిలి దగ్గఱగానున్నవి. మేలు మఱచినవానిని టర్కీలో 'తుజ్ ఎక్మెక్ హాయిని', అనగా ఉప్పునకు రొట్టెకు ద్రోహి, అందురు. ఉప్పు తిన్న యింటికి ద్రోహము చేసినవాడని మనమందుము. ఇచట ఆంగ్లము మధ్యవర్తిత్వము మనకు అవసరమే లేదు.

కావున మేము తేల్చినది ఇది. టర్కీ మూలము ఆంగ్లములోనికి పోవునపుడు 'ఇహానెత్', 'ఎలె వెర్మెక్', 'అల్దత్మక్' అను మూడును ఒక్క 'బిట్రే' లో కలియవచ్చును. ఆ 'బిట్రే' తెలుగులోనికి వచ్చునపుడు నిఘంటువు చూపిన 'ద్రోహము' గా మాఱును. భార్యను మోసగించినవాడును, మిత్రుని రక్షకభటులకు పట్టియిచ్చినవాడును, ప్రభుత్వమునకు నచ్చని కవిత వ్రాసినవాడును ఒకే పేరుతో నిలుతురు. మూలమున వారు ముగ్గురును వేర్వేఱుగ నిలిచినవారు. వారిని అట్లే నిలుపుటకు తగిన క్రియలు తెలుగున సిద్ధముగనున్నవి. ద్రోహము చేయు, పట్టియిచ్చు, మోసగించు. విభక్తులును సరిపోవుచున్నవి.

అనువాదకుడు ఆంగ్లమును విడిచి టర్కీ భాష నేర్చుకొనవలెనని మేము శాసింపము. కాని 'బిట్రే' కనబడినచోటనెల్ల మూడు ప్రశ్నలు వేసికొనుట దుష్కరము కాదు. ఇచట ఏదైన ఒకరి చేతికి పోయినదా? లేక ఎవరినైన కపటముతో ఏమార్చుట జరిగినదా? లేక ఒక నమ్మిక మాత్రమే భగ్నమైనదా? మొదటి రెండు ప్రశ్నలకు సమాధానము ఔనని వచ్చినచోట ద్రోహమను పదమును తొందరపడి వాడరాదు. మూడవదానికి మాత్రమే ఔనని వచ్చినచోట, ఆ నమ్మిక ఎవరిది, దానిని భగ్నమైనదని చెప్పుచున్నవారెవరు అను విషయమును గుర్తింపవలెను. రెఫిక్ హాలిద్ కథయు, నాజిమ్ హిక్మెత్ కవితయు మనకు నేర్పునది ఇదియే. ద్రోహియను మాట ఎప్పుడును ఇతరులు పెట్టిన పేరు. దానిని వేఱొక భాషలోనికి తెచ్చువాడు ఆ తీర్పునకు రెండవసారి చేవ్రాలు చేయుచున్నాడు.